ఇంటి విమాన సిమ్యులేటర్లలో నేలపై విమాన వర్తనం: వాస్తవికత, పరిమితులు – ఉత్తరాంధ్ర నేపథ్యం

వ్యాససంగ్రహం:

ఇంటి కంప్యూటరుపై నడిచే విమాన సిమ్యులేటర్లు గాలిలో విమానం ప్రవర్తనను చాలావరకు విశ్వసనీయంగా చూపగలుగుతున్నాయి. అదే విమానం నేలపై దొర్లుతున్నప్పుడు, మలుపు తిరుగుతున్నప్పుడు, అడ్డగాలిలో నిలిచి ఉన్నప్పుడు వాటి గణన తరచుగా వాస్తవానికి దూరంగా పోతున్నది. దీనికి మూలం టైరు ఘర్షణ నమూనాలో, భూమికి దగ్గరగా వీచే గాలిని లెక్కించే తీరులో, వాడుకరి చేతిలోని నియంత్రణ సాధనాల్లో ఉన్నది. ఈ కారణాలను వివరించి, విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల కళాశాలల్లో ఇలాంటి సాఫ్ట్‌వేర్‌ను బోధనకు వాడేవారు దేనిని నమ్మవచ్చో, దేనిని కొలిచి చూసిన తర్వాతనే నమ్మాలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: విమాన సిమ్యులేటర్, టాక్సీయింగ్, టైరు ఘర్షణ, అడ్డగాలి, భోగాపురం, ఫ్లైట్‌గేర్, ఎక్స్-ప్లేన్.

1. ఉపోద్ఘాతం:

భారత పౌరవిమానయాన చరిత్రలో ఉత్తరాంధ్రకు కొంత విచిత్రమైన స్థానం ఉన్నది. 2014 నుంచి 2018 వరకు ఆ శాఖను నిర్వహించిన పూసపాటి అశోక్ గజపతిరాజు విజయనగరానికి చెందినవారు. 2024 జూన్‌లో అదే శాఖ బాధ్యతలు స్వీకరించిన కింజరాపు రామ్మోహన్ నాయుడు శ్రీకాకుళం లోక్‌సభ సభ్యులు. భోగాపురం వద్ద అల్లూరి సీతారామరాజు అంతర్జాతీయ విమానాశ్రయ నిర్మాణాన్ని చేపట్టిన జి.ఎం.ఆర్. సంస్థ వ్యవస్థాపకులు గ్రంథి మల్లికార్జునరావు రాజాంకు చెందినవారు. 2023 మే 3న శంకుస్థాపన జరిగిన ఆ విమానాశ్రయ రన్‌వే పొడవు 3.8 కిలోమీటర్లు. ఇంత జరుగుతున్న ప్రాంతంలో ఇంజనీరింగు విద్యార్థులకు విమానంపై ఆసక్తి కలగడం సహజం. పైలటు శిక్షణ ఖర్చు భరించలేని కుటుంబాల పిల్లలకు ఆ ఆసక్తి తీరే తొలి మార్గం, చాలాసార్లు ఏకైక మార్గం, ఇంటి సిమ్యులేటరే.

ఇక్కడ ఒక పదాన్ని స్పష్టం చేసుకోవాలి. విమానాశ్రయ పరిభాషలో ‘గ్రౌండ్ హ్యాండ్లింగ్’ అంటే సామాను ఎక్కించడం, ఇంధనం నింపడం, విమానాన్ని వెనక్కు నెట్టడం వంటి సేవలు. సిమ్యులేటర్ పరిభాషలో అదే మాటకు విమానం తన చక్రాలపై ఉన్నప్పుడు ప్రవర్తించే తీరు అని అర్థం. ఈ వ్యాసం రెండవ అర్థానికే పరిమితం.

ఈ అంశం ఆటకు సంబంధించిన చిన్న లోపంగా కనిపించవచ్చు. నిజానికి దీని వెనుక శిక్షణశాస్త్రంలోని ఒక గంభీరమైన సమస్య ఉన్నది. అనుకరణలో పట్టుబడిన తప్పు అలవాటు అసలు యంత్రంపై అభ్యాసకుణ్ణి వెనక్కు లాగడాన్ని ప్రతికూల శిక్షణా బదిలీ అంటారు. సిమ్యులేటరులో నేలపై విమానం కదలాలంటే ఇంజను శక్తిని బాగా పెంచక తప్పదని నేర్చుకున్నవాడు, నిజమైన విమానంలో మొదటి రోజే పార్కింగు స్థలంలో అవసరానికి మించిన వేగంతో కదులుతాడు. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉన్నది. గాలిలో కచ్చితంగా కనిపించిన సాఫ్ట్‌వేర్ నేలపై కూడా కచ్చితంగానే ఉంటుందని అధ్యాపకుడు అనుకొని దాని ఫలితాలను ప్రయోగశాల దత్తాంశంగా విద్యార్థి చేత రాయించవచ్చు. అప్పుడు తప్పు ఒక్కరితో ఆగదు.

2. గాలిలో సులభం, నేలపై కఠినం:

సామాన్య దృష్టికి ఇది తలకిందులుగా తోస్తుంది. ఎగరడం కష్టమైన పని, దొర్లడం ఎడ్లబండికీ తెలిసిన పని. గణితంలో మాత్రం పరిస్థితి వేరు. ఎగురుతున్న విమానంపై పనిచేసే వాయుబలాలు దాని వేగంతో, గాలిని ఎదుర్కొనే కోణంతో నునుపుగా మారుతాయి. కొంచెం తప్పు లెక్కించినా ఫలితం కొంచెమే తప్పుతుంది. చక్రం నేలను తాకిన క్షణంలో మాత్రం బలాలు ఒక్కసారిగా పుడతాయి. పట్టు ఉన్న టైరు, పట్టు తప్పిన టైరు అనే రెండు స్థితుల మధ్య హద్దు చాలా సన్ననిది.

దీనికి తోడు కాలపు సమస్య ఒకటి ఉన్నది. సిమ్యులేటర్ చలన సమీకరణాలను చిన్న చిన్న కాలవిరామాలలో సాధిస్తుంది. టైరు, ల్యాండింగ్ గేర్ కలిసి ఒక గట్టి స్ప్రింగులా పనిచేస్తాయి. సెకనుకు 20 లేదా 30 సార్లు మాత్రమే లెక్క జరిగితే ఆ స్ప్రింగు ఒక విరామంలోనే అతిగా నొక్కుకొని, తరువాతి విరామంలో విమానాన్ని అతిగా ఎగదోస్తుంది. నిలిపి ఉంచిన విమానం తెరపై వణుకుతూ ఉండటం చాలామంది చూసిన దృశ్యమే. ఫ్లైట్‌గేర్‌లో వాడే జేఎస్‌బీసిమ్ అనే చలన నమూనా సాధారణంగా సెకనుకు 120 సార్లు గణన చేస్తుంది. ఎక్స్-ప్లేన్‌లో ఒక్కో చిత్రానికి ఎన్నిసార్లు గణన జరగాలో వాడుకరి పెంచుకొనే వీలున్నది. పాత కంప్యూటర్లున్న కళాశాల ప్రయోగశాలలో ఈ అమరికను ముందుగా చూడటం అవసరం. చిత్రాల వేగం పడిపోతే అందం ఒక్కటే కాదు, భౌతికశాస్త్రం కూడా చెడుతుంది.

3. టైరు నమూనా:

నేలపై వర్తనమంతా చివరికి టైరు వద్దకే వస్తుంది. టైరు చూస్తున్న దిశకు, అది నిజంగా ప్రయాణిస్తున్న దిశకు మధ్య ఏర్పడే చిన్న కోణాన్ని జారుడు కోణం అంటారు. ఆ కోణం పెరుగుతున్నకొద్దీ పక్కబలం మొదట దాదాపు సరళరేఖలో పెరిగి, ఒక శిఖరానికి చేరి, తరువాత కొద్దిగా తగ్గుతుంది. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయానికి చెందిన హాన్స్ పాసెజ్కా, ఆయన సహచరులు 1980లలో ఈ వక్రరేఖను ఒకే సూత్రంలో ఇమిడ్చారు. కార్ల పరిశ్రమ దానికి ‘మ్యాజిక్ ఫార్ములా’ అని పేరు పెట్టుకున్నది. సూత్రం రూపం భౌతిక నియమాల నుంచి పుట్టింది కాదు, ప్రయోగ ఫలితాలకు సరిపోయేట్లు ఎంచుకున్నది. ఆ పేరులోని మాయ అదే. జేఎస్‌బీసిమ్‌లో పక్కబలం కోసం ఈ సూత్రాన్నే వాడుతున్నారు.

చిక్కంతా వేగం సున్నాకు దగ్గరైనప్పుడు మొదలవుతుంది. జారుడు కోణాన్ని లెక్కించాలంటే పక్కవేగాన్ని ముందువేగంతో భాగించాలి. విమానం నిలిచిపోయినప్పుడు రెండూ సున్నాలే. ఆ భాగహారానికి అర్థం లేదు. కార్యక్రమ రచయిత ఇక్కడ ఏదో ఒక సర్దుబాటు చేయక తప్పదు. అతి తక్కువ వేగంలో పక్కబలాన్ని నెమ్మదిగా తగ్గించి సున్నా చేయడం అందరికంటే సులభమైన మార్గం. కానీ అలా చేస్తే ఆగిన విమానానికి పట్టే ఉండదు. చిరుగాలికే మంచుపై పెట్టినట్లు పక్కకు పాకుతుంది. సరైన మార్గం స్థైతిక ఘర్షణను ఒక నిర్బంధంగా తీసుకోవడం, అంటే చక్రాన్ని కదలనీయకుండా ఉంచడానికి ఎంత బలం కావాలో ముందు కనుగొని, ఆ బలం గరిష్ఠ ఘర్షణను మించితేనే జారనివ్వడం. జేఎస్‌బీసిమ్ తరువాతి కాలంలో ఇలాంటి పద్ధతికే మారింది. ఈ మెలకువ విమానరంగం నుంచి గాక వీడియో ఆటల భౌతికశాస్త్రం నుంచి వచ్చిందన్నది గమనించదగిన విషయం.

పాకడం ఎంత అవాస్తవమో ఒక చిన్న లెక్క చూపిస్తుంది. సెస్నా 172ఎస్ గరిష్ఠ బరువు 1157 కిలోగ్రాములు. అంటే నేలపై 11,350 న్యూటన్ల భారం. పొడి రన్‌వేపై పక్కపట్టు గుణకం 0.7 అనుకుంటే టైర్లు దాదాపు 7,900 న్యూటన్ల పక్కబలాన్ని ఆపగలవు. ఇక 20 నాట్ల అడ్డగాలి, చదరపు మీటరుకు సుమారు 61 న్యూటన్ల ఒత్తిడి కలిగిస్తుంది. విమానం పక్కభాగపు వైశాల్యాన్ని ఉదారంగా 10 చదరపు మీటర్లుగా తీసుకున్నా మొత్తం 610 న్యూటన్లే. టైర్ల శక్తిలో అది పదమూడవ వంతు. కనుక 20 నాట్ల గాలికి పక్కకు జరిగే సెస్నాను తెరపై చూస్తే, అది గాలి ప్రతాపం కాదు, నమూనా లోపం.

4. దొర్లుడు ఘర్షణ:

ఈ విషయంలో చరిత్ర సూటిగా ఉన్నది. 2006లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్‌లో నేల ఘర్షణ మితిమీరి ఉన్నదని వాడుకరులు ఏళ్ల తరబడి చెప్పుకొన్నారు. ముఖ్యంగా టర్బోప్రాప్ విమానాలు, నిజంలో ఇంజను కనిష్ఠ స్థితిలోనే కదిలిపోయేవి, అందులో గణనీయమైన శక్తి ఇస్తే తప్ప కదిలేవి కావు. విమానాలను విడిగా తయారుచేసి అమ్మినవారు దీన్ని దాటడానికి తమతమ ఉపాయాలు వెతుక్కోవలసి వచ్చింది.

గట్టి రన్‌వేపై దొర్లుడు ఘర్షణ గుణకం సుమారు 0.02. పొట్టి గడ్డిపై అది 0.05 లేదా ఇంకా ఎక్కువ ఉంటుంది. మెత్తని ఇసుక నేలలో పలురెట్లు పెరుగుతుంది. భీమిలి నుంచి కళింగపట్నం దాకా తీరపు ఇసుకలో బండి తోలినవారికి ఈ తేడాను అంకెలతో చెప్పనక్కరలేదు. పైన చెప్పిన సెస్నాను గట్టి నేలపై కదల్చడానికి దాదాపు 227 న్యూటన్లు, అంటే 23 కిలోల బరువుకు సమానమైన బలం చాలు. ఒక మనిషి చేతితో తోయగలిగినంత. చిన్న విమానాలను షెడ్డులోకి మనుషులే లాగుతారన్నది అందరికీ తెలిసినదే.

దీనిని సిమ్యులేటరులో పరీక్షించడం చాలా సులభం. గాలి లేని వాతావరణం ఎంచుకొని, సెకనుకు 10 మీటర్ల వేగంతో (అంటే 20 నాట్లకు కొంచెం తక్కువ) దొర్లుతున్నప్పుడు ఇంజను ఆపి, బ్రేకు తాకకుండా వదిలేయాలి. గుణకం 0.02 అయితే, గాలి నిరోధాన్ని పక్కన పెట్టి చూస్తే, విమానం ఆగడానికి దాదాపు 50 సెకన్లు, 250 మీటర్లు పట్టాలి. ఆగిన ప్రొపెల్లర్, గాలి నిరోధం వల్ల నిజంలో ఇది కొంత తగ్గుతుంది. అయితే 20 సెకన్లలో 100 మీటర్లకే ఆగిపోతే ఆ సాఫ్ట్‌వేర్ రన్‌వేను గడ్డినేలగా లెక్కిస్తున్నదని అర్థం.

5. అడ్డగాలి, పవనసూచి వర్తనం:

సిమ్యులేటర్ వాడుకరుల మధ్య అన్నిటికంటే ఎక్కువగా వివాదానికి గురైనది ఈ అంశం. విమానం నిలువు తోక వెనుక ఉంటుంది కనుక అడ్డగాలి ఆ తోకను నెట్టి, ముక్కును గాలి వైపు తిప్పజూస్తుంది. పవనసూచి తిరిగినట్లే తిరుగుతుందన్నమాట. ఇది నిజమే. ప్రశ్న ఎంత తిరుగుతుందన్నదే. మైక్రోసాఫ్ట్ ఉత్పత్తులపైనా, ఎక్స్-ప్లేన్‌పైనా వేర్వేరు కాలాల్లో వచ్చిన ఆక్షేపణ ఒక్కటే: మోస్తరు గాలికే విమానం రన్‌వే వదలి పక్కకు తిరిగిపోతున్నదని.

కారణాలలో ఒకటి పైన చెప్పిన టైరు పట్టు. రెండవదానిపై చర్చ అంతగా జరగలేదు, కానీ అది ముఖ్యమైనది. వాతావరణ కేంద్రం ప్రకటించే గాలివేగం నేల నుంచి 10 మీటర్ల ఎత్తులో కొలిచినది. నేల రాపిడి వల్ల కింది పొరల్లో గాలి మందగిస్తుంది. బహిరంగ ప్రదేశానికి సాధారణంగా వాడే ఏడవ వంతు ఘాత నియమం ప్రకారం, చిన్న విమానం తోక ఉండే 2 మీటర్ల ఎత్తులో వేగం ప్రకటిత వేగంలో దాదాపు 80 శాతమే. వాయుబలం వేగవర్గానికి అనుపాతంలో ఉంటుంది కనుక అక్కడి బలం 63 శాతమే. ప్రకటిత గాలిని యథాతథంగా తోకకు తగిలించే సాఫ్ట్‌వేర్, టైర్ల విషయంలో ఏ తప్పూ చేయకపోయినా, తిప్పే భ్రామకాన్ని దాదాపు ఒకటిన్నర రెట్లకు పైగా పెంచి చూపుతుంది.

ఉత్తరాంధ్ర తీరంలో ఇది కేవలం సిద్ధాంతం కాదు. ఈ తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది. పగటిపూట గాలి సముద్రం మీదినుంచి భూమివైపు వీస్తుంది. విశాఖపట్నం విమానాశ్రయపు రన్‌వే 10/28, అంటే స్థూలంగా తూర్పు పడమరల దిశ. 190 డిగ్రీల నుంచి వీచే దక్షిణపు గాలి దానికి నేరుగా లంబంగా వస్తుంది. 15 నాట్ల అలాంటి గాలి సెస్నా 172కు తయారీదారు నిరూపించి చూపిన అడ్డగాలి విలువతో సమానం. అందువల్ల ఈ ప్రాంతపు విద్యార్థి సిమ్యులేటరులో ప్రత్యక్ష వాతావరణాన్ని పెట్టుకొని తన సమీప విమానాశ్రయం నుంచి బయలుదేరితే, నమూనాలో అతి బలహీనమైన భాగాన్నే మొదట ఎదుర్కోవచ్చు. విమానం తిరిగిపోయినప్పుడు తనకు చేతకాలేదని అతడు అనుకుంటాడు. దోషం తనది కాకపోవచ్చునని చెప్పేవారు పక్కన ఉండరు.

అయితే అన్ని విమానాలకూ ఒకే తీర్పు చెల్లదు. సిరస్ ఎస్‌ఆర్20, డైమండ్ డీఏ40 వంటి వాటి ముందు చక్రం పెడళ్లకు అతుక్కొని ఉండదు. కుర్చీ కింది చక్రంలా స్వేచ్ఛగా తిరుగుతుంది. వాటిని తక్కువ వేగంలో ఒకవైపు బ్రేకుతోనే మళ్లించాలి. అలాంటి విమానం గాలికి ముక్కు తిప్పితే అది దోషం కాదు, నిజం.

6. మలుపులు, పెడళ్లు:

పెద్ద విమానాలలో సమస్య వాడుకరి చేతిలోనే మొదలవుతుంది. ఎయిర్‌బస్ ఏ320లో ముందు చక్రాన్ని మళ్లించడానికి రెండు సాధనాలున్నాయి. చేతితో తిప్పే టిల్లర్ 75 డిగ్రీల వరకు తిప్పుతుంది. పాదాల పెడళ్లు 6 డిగ్రీల వరకే. ముందు చక్రానికీ ప్రధాన చక్రాలకూ మధ్య దూరం 12.64 మీటర్లు కనుక 6 డిగ్రీల వద్ద మలుపు వ్యాసార్ధం 120 మీటర్లు. రన్‌వేపై సూటిగా నిలపడానికి అది సరిపోతుంది, టాక్సీవే మూల తిరగడానికి చాలదు. ఇంటి వాడుకరికి టిల్లర్ ఉండదు. మెలితిప్పే జాయ్‌స్టిక్ ఒక్కటే ఉంటుంది. అతడి సౌకర్యం కోసం సాఫ్ట్‌వేర్ రెండు సాధనాలనూ ఒకే అక్షానికి కలుపుతుంది. ఫలితంగా టేకాఫ్ పరుగులో చిన్న మెలికకే ముక్కు అటూఇటూ ఊగిపోతుంది. వాడుకరి దానిని భౌతికశాస్త్ర దోషమని అనుకుంటాడు. నిజానికది నియంత్రణల అమరికలోని దోషం. వేగం పెరిగేకొద్దీ మళ్లింపు కోణాన్ని తగ్గించే అమరిక ఉంటే దానిని వాడటం మంచిది.

75 డిగ్రీల వద్ద లెక్క మరింత ఆసక్తికరం. కేవలం జ్యామితి ప్రకారం వ్యాసార్ధం 3.39 మీటర్లు. కానీ ప్రధాన చక్రాల మధ్య దూరం 7.59 మీటర్లు, అందులో సగం 3.8 మీటర్లు. అంటే మలుపు కేంద్రం రెండు ప్రధాన కాళ్ల మధ్యనే పడి, లోపలి చక్రం వెనక్కు దొర్లాలి! ముందు టైరు పక్కకు జారడం వల్ల నిజంలో మలుపు కొంత విశాలమవుతుంది. టైరు జారుడును లెక్కలోకి తీసుకోని సిమ్యులేటర్ ఈ మలుపును నమ్మలేనంత బిగువుగా చూపుతుంది.

7. తడిసిన రన్‌వే:

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటినప్పుడు అక్కడి విమానాశ్రయం తీవ్రంగా దెబ్బతిన్నది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస సమీపంలో తీరం దాటింది. ఇలాంటి తీరంలో తడిసిన రన్‌వేను అరుదైన స్థితిగా భావించలేము. నాసా పరిశోధకులు హార్న్, డ్రెహర్ 1963లో ప్రచురించిన సంబంధం ప్రకారం, నీటిపొరపై తిరుగుతున్న టైరు పట్టు కోల్పోయే వేగం, నాట్లలో, టైరు పీడనపు వర్గమూలానికి 9 రెట్లు (పీడనం చదరపు అంగుళానికి పౌండ్లలో). 200 పౌండ్ల పీడనం గల పెద్ద విమానపు టైరుకు అది సుమారు 127 నాట్లు. 29 పౌండ్ల సెస్నా టైరుకు 48 నాట్లే. చిన్న విమానం నెమ్మదిగా దిగుతుంది కనుక భద్రమన్న నమ్మకాన్ని ఈ సంఖ్య సడలిస్తుంది. 2020 ఆగస్టు 7న కోజికోడ్‌లో వర్షంలో, వెనుకగాలితో దిగిన విమానం రన్‌వే దాటి లోయలో పడిన దుర్ఘటన, దిగిన తరువాతి కొద్ది సెకన్ల విలువను దేశానికి గుర్తుచేసింది.

ఇంటి సిమ్యులేటర్లలో వర్షం కళ్లకు ఎప్పుడూ కనిపిస్తుంది. బలాల లెక్కలోకి అది ప్రతిసారీ ప్రవేశించదు. ఎక్స్-ప్లేన్ 12లో రన్‌వే తడిని ఘర్షణకు ముడిపెట్టారు. ఇతర సాఫ్ట్‌వేర్‌ల విషయంలో ఒకే వేగం నుంచి పొడి, తడి స్థితుల్లో ఆగే దూరాలను కొలిచి పోల్చడమే నమ్మదగిన పద్ధతి. రెండూ సమానంగా వస్తే తెరపై పడుతున్నది బొమ్మ వాన.

8. నేల తానే మారినప్పుడు:

కొత్త విమానాశ్రయం విషయంలో మరొక చిక్కు ఉన్నది. సిమ్యులేటర్లలో భూమి ఎత్తులకు విరివిగా వాడే ఒక మూలం 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ వ్యోమనౌక రాడార్‌తో సేకరించిన దత్తాంశం. భోగాపురంలో నేలను చదును చేసినది రెండు దశాబ్దాల తరువాత. ఆ దత్తాంశంపై నేరుగా రన్‌వే పరిస్తే, ఇప్పుడు లేని మిట్టపల్లాలు చక్రాల కిందికి వస్తాయి. ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్ ఈ సమస్యను మరో చివరకు నెట్టింది. ప్రతి విమానాశ్రయాన్నీ బల్లపరుపుగా చేసివేసింది. వాలు లేని రన్‌వేపై ఆగే దూరం, బయలుదేరే దూరం రెండూ కొంత అబద్ధమే. ఎక్స్-ప్లేన్‌కు విమానాశ్రయాలను స్వచ్ఛందంగా గీసి పంపే ఏర్పాటు ఉన్నది. రన్‌వే ఉపరితలం తారా, కాంక్రీటా, గడ్డా అన్నది అలా గీసినవారు ఎంచుకున్న విలువే. స్థానిక విద్యార్థులు తమ ప్రాంతపు నేలను సరిగా నమోదు చేయగల అవకాశం ఇక్కడ ఉన్నది.

9. ప్రమాణాలు, ప్రయోగశాల:

విమానయాన సంస్థలు వాడే పూర్తిస్థాయి సిమ్యులేటర్లకు నేలపై వర్తనం ఐచ్ఛికం కాదు. అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ నిబంధనల 60వ భాగం ప్రకారం కనిష్ఠ మలుపు వ్యాసార్ధం అసలు విమానంతో 0.9 మీటర్లు లేదా 20 శాతం తేడాలోపు ఉండాలి. ముందు చక్రపు కోణానికి మలుపు వేగం 10 శాతం లేదా సెకనుకు 2 డిగ్రీల తేడాలోపు సరిపోవాలి. ఇంటి సాఫ్ట్‌వేర్‌కు అలాంటి పరీక్ష ఏదీ తప్పనిసరి కాదు. భారత డీజీసీఏ వాణిజ్య పైలటు లైసెన్సుకు కోరే 200 గంటల్లో ఇంటి కంప్యూటరు ముందు గడిపిన గంటలకు స్థానం లేదు. ఇది అన్యాయమేమీ కాదు.

అయినా బోధనలో ఈ సాఫ్ట్‌వేర్ విలువ తగ్గదు. పైలటును తయారుచేయడానికి కాక, నమూనా అంటే ఏమిటో చూపడానికి దీనిని వాడితే లోపమే పాఠమవుతుంది. విజయనగరంలోని ఎం.వి.జి.ఆర్., జె.ఎన్.టి.యు. గురజాడ, రాజాంలోని జి.ఎం.ఆర్.ఐ.టి. వంటి సంస్థల్లో యంత్రశాస్త్ర విద్యార్థులకు ఫ్లైట్‌గేర్ ఇందుకు అనువైనది. అది ఉచితం, దాని మూలసంకేతం బహిరంగం. జేఎస్‌బీసిమ్‌లో ఒక్కో చక్రానికి స్థైతిక, గతిక, దొర్లుడు ఘర్షణ గుణకాలు సాదా పాఠ్యఫైలులోనే రాసి ఉంటాయి. తరచుగా కనిపించే విలువలు 0.8, 0.5, 0.02. విద్యార్థి చివరి అంకెను 0.05గా మార్చి, పైన చెప్పిన దొర్లుడు పరీక్షను మళ్లీ చేసి, ఆగిన దూరాన్ని తన చేతిలెక్కతో సరిచూడవచ్చు. లెక్కకూ తెరకూ మధ్య మిగిలిన తేడాలో గాలి నిరోధం వాటా ఎంత, గణన విరామం వాటా ఎంత అని విడదీయడం ఒక సెమిస్టరు ప్రాజెక్టుకు సరిపడే పని. అడ్డగాలి పరీక్షను మాత్రం గాలివేగాన్ని 5 నాట్ల చొప్పున పెంచుతూ, ఇంజను ఆపిన విమానంపైనే మొదలుపెట్టాలి. ప్రొపెల్లర్ వెనుకగాలి తోకకు తగులుతుండగా టైరు దోషాన్ని వేరుచేయడం సాధ్యం కాదు.